ఏరు ఎంతవరకు ఏరుగా మిగిలింది? నెల్లూరు, ప్రకాశం జిల్లాల నదులు, కాలువల భౌతిక స్థితిని అంచనా కట్టే విధానం

ఎండాకాలంలో బ్యారేజీ వెనక నిండుగా నిలిచిన పెన్న నీటిని చూసి ఏరు కళకళలాడుతున్నదని సంతోషిస్తాం. అదే నెలలో మన్నేరులోనో పాలేరులోనో ఇసుక తప్ప మరేమీ కనిపించకపోతే ఏరు చచ్చిపోయిందని నిట్టూరుస్తాం. నదిని దాని ఆకారాన్ని బట్టి, అది చేసే పనిని బట్టి చూడడం అలవాటైనవారికి ఈ రెండు మాటలూ తొందరపాటుగానే తోస్తాయి. బ్యారేజీ వెనక ఉన్నది ఏటి గర్భంలో నిలబెట్టిన చెరువు. ఎండిన మన్నేరు మాత్రం తన నైజానికి తగినట్టే ఉండవచ్చు. మన రెండు జిల్లాల ఏర్లకు నీళ్ళు తెచ్చేది ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా సాగే ఈశాన్య రుతుపవనాలు, వాటితో వచ్చే వాయుగుండాలు. మిగిలిన కాలమంతా నీరు ఇసుక కిందనే నడుస్తుంది. అందువల్ల ఈ మార్గదర్శిలో మొదటి నుంచి చివరిదాకా పాటించవలసిన నియమం ఒకటే: నీళ్ళు ఉన్నాయా లేవా అన్నదాన్ని బట్టి ఏటికి మార్కులు వేయకూడదు. నీటి శుభ్రత కూడా ఇక్కడి విషయం కాదు, అది ప్రయోగశాల పని. మనం చూడవలసినవి ఏటి గర్భం, ఒడ్డులు, ప్రవాహపు తీరు, చుట్టుపక్కల నేలతో దానికున్న సంబంధం, వీటి మీద మనిషి చేయి ఎంత పడిందన్న సంగతి.

రెండు ప్రశ్నలను వేరుగా ఉంచుకోవాలి

పని మొదలుపెట్టక ముందే రెండు ప్రశ్నలను విడదీసుకోవాలి. ఈ ఏటిని మనిషి ఎంత మార్చాడు అన్నది ఒకటి. జీవులకు ఆసరా ఇచ్చే వైవిధ్యం, అంటే మడుగులు, ఇసుక తిన్నెలు, నీడనిచ్చే చెట్లు, ఒడ్డు బొరియలు వంటివి ఎంత ఉన్నాయి అన్నది రెండోది. మార్పు పెరిగితే వైవిధ్యం తగ్గడం సాధారణమే అయినా ప్రతిసారీ అలా జరగదు. పాత రాతి ఆనకట్ట కింద నీళ్ళు పడి ఏర్పడిన మడుగులో, దాని పక్కన పెరిగిన కానుగ చెట్ల నీడలో వైవిధ్యం బాగా ఉండవచ్చు, కానీ ఆ చోటు సహజమైనది కాదు. ఎవరూ ముట్టుకోని ఇసుక ఏరు కిలోమీటరు పొడవునా ఒకే తీరుగా ఉండి వైవిధ్యం తక్కువగా కనిపించవచ్చు, అయినా అది పూర్తిగా సహజమే. 1990ల నుంచి బ్రిటన్‌లో వాడుకలో ఉన్న రివర్ హ్యాబిటాట్ సర్వే కూడా మార్పుకు ఒక లెక్క, ఆవాస నాణ్యతకు మరొక లెక్క కడుతుంది. దాని చట్రాన్ని మనం తీసుకోవచ్చు, కానీ దాని పత్రాన్ని ఉన్నదున్నట్టు వాడితే ఏడాది పొడవునా పారే చల్లని దేశపు సెలయేళ్ళ కొలతలతో మన ఇసుక ఏర్లను కొలిచినట్టవుతుంది.

సహజం అంటే ఏ నాటి స్థితి అన్న ప్రశ్న వెంటనే ఎదురవుతుంది. గుండ్లకమ్మ మీద కంభం చెరువు కట్ట విజయనగర రాజుల కాలం నాటిది. పెన్న మీద నెల్లూరు, సంగం పాత ఆనకట్టలు పందొమ్మిదో శతాబ్దపువి. ఆ పైన 78 టీఎంసీల సోమశిల వచ్చింది. మనిషి తాకని పెన్నను చూసినవారు ఎవరూ లేరు. అందుచేత పాత కాలపు ఏటిని ఊహించుకోవడం కంటే, ఇంత వాలు, ఇలాంటి ఇసుక, ఇలాంటి వరదలు ఉన్న ఏరు తన దారిన తనను వదిలితే ఎలా నడుచుకుంటుందో ఆలోచించి, దానితో ఇప్పటి స్థితిని పోల్చడం మేలు.

మొదటి దశ: ఎంత మేర చూడాలో తేల్చుకోవడం

నదిని మొత్తంగా అంచనా కట్టడం సాధ్యం కాదు, ముక్కలుగా చూడాలి. ఆంగ్ల పుస్తకాలు ఇలాంటి ముక్కను రీచ్ అంటాయి. మన ప్రాంతంలో మాత్రం రీచ్ అనగానే అందరికీ ఇసుక రీచే గుర్తుకు వస్తుంది. మీరు ఏటి ఒడ్డున నిలబడి రీచ్ కొలుస్తున్నామని చెబితే లారీల వాళ్ళు మిమ్మల్ని మరో దృష్టితో చూస్తారు. కాబట్టి తునక అనే మాటే వాడుకుందాం.

వాగులకు, చిన్న ఏర్లకు 500 మీటర్ల తునక సరిపోతుంది. అందులో 50 మీటర్లకు ఒకటి చొప్పున పది చోట్ల ఆగి పరిశీలించాలి. పెన్నకు ఈ కొలత చాలదు. సంగం దగ్గర బ్యారేజీ పొడవే కిలోమీటరుకు పైగా ఉందంటే అక్కడ ఏటి వెడల్పును ఊహించుకోవచ్చు. ఏటి వెడల్పు కంటే చిన్నదైన తునకను పరిశీలించి ఏటి గురించి మాట్లాడడం తగదు. వెడల్పుకు కనీసం మూడు, నాలుగు రెట్ల పొడవు తీసుకుని, ఆగే చోట్ల మధ్య దూరాన్ని ఆ మేరకు పెంచుకోవాలి. తునక మధ్యలో నేల తీరు మారకూడదు. ఉదాహరణకు, వెలిగొండల మధ్య రాతి ఇరుకులో నుంచి వచ్చే పెన్ననూ, ఆ కొండలు దాటి మైదానంలో పరుచుకున్న పెన్ననూ ఒకే తునకలో కలిపితే వచ్చే సగటుకు అర్థం ఉండదు.

రెండో దశ: ఇంటి దగ్గరే చేయవలసిన పని

ఏటికి వెళ్ళక ముందు పటాల దగ్గర గడిపిన గంటలు ఎండలో తిరిగే గంటలను చాలా తగ్గిస్తాయి. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలను ఒకదాని తరువాత ఒకటి చూడవచ్చు. ఇస్రో వారి భువన్ కూడా పనికివస్తుంది. సర్వే ఆఫ్ ఇండియా పటాల్లో 50,000కు ఒకటి కొలమానం గలవి ఈ పనికి సరిపోతాయి. వీటిలో చూడవలసినవి మూడు: ఏరు ఎన్ని పాయలుగా చీలింది, ఆ పాయలు ఏటేటా స్థానం మారుతున్నాయా, ఒడ్డు గీత ఎక్కడైనా ఉన్నట్టుండి తిన్నగా మారిందా. ప్రకృతిలో ఒడ్డు గీత కిలోమీటర్ల కొద్దీ స్కేలు పెట్టి గీసినట్టు ఉండదు. అలా కనిపిస్తే అక్కడ పొర్లుకట్టో, ఆక్రమణో, తవ్విన కాలువో ఉంటుంది.

వంపు లెక్క కూడా ఇంటి దగ్గరే కట్టవచ్చు. ఏటి మధ్యగీత వెంట కొలిచిన పొడవును, రెండు చివరల మధ్య నేరు దూరంతో భాగించాలి. మధ్యగీత 6.2 కిలోమీటర్లు, నేరు దూరం 4.8 కిలోమీటర్లు అయితే వంపు 1.29 అవుతుంది. ఇది 1.5 దాటితే ఏరు మెలికలు తిరిగేదని లెక్క. పాత పటంలో 1.6 ఉన్న వాగు ఇప్పుడు 1.1 అయిందంటే దాన్ని ఎవరో తిన్నగా తవ్వారన్నమాట. ఇసుకలో పాయలుగా పారే పెన్నకు మాత్రం ఈ లెక్క అంతగా నప్పదు, అక్కడ పాయల సంఖ్యే ముఖ్యం.

చాలామంది పట్టించుకోని ఆధారం రెవెన్యూ రికార్డు. పాత మద్రాసు రాజధానిలో భాగమైన మన గ్రామాలకు సర్వే నంబరు వారీగా కొలతల పుస్తకాలు ఉన్నాయి. వాటిని అందరూ ఎఫ్‌ఎంబీ అంటారు. వాగు పోరంబోకు, ఏరు పోరంబోకు అని రాసిన నంబర్ల వెడల్పు పాత పుస్తకాల్లో లింకుల్లో ఉంటుంది. వంద లింకులు ఒక గొలుసు, గొలుసు అంటే 66 అడుగులు. పుస్తకంలో 300 లింకులున్న వాగు సుమారు 60 మీటర్లు ఉండాలి. మీరు వెళ్ళి కొలిస్తే 22 మీటర్లే వచ్చిందనుకోండి, మిగిలిన 38 మీటర్లు ఏమయ్యాయో ఒడ్డున ఉన్న రొయ్యల గుంటను గానీ, వరి కయ్యను గానీ చూస్తే తెలుస్తుంది. మన దగ్గర నేటి మురుగుకాలువల్లో చాలా వరకు ఒకప్పటి వాగులేనన్న సంగతి కూడా ఈ పుస్తకాలు తిరగేస్తేనే బయటపడుతుంది.

మూడో దశ: ఎప్పుడు వెళ్ళాలి, ఏమి తీసుకువెళ్ళాలి

నదులకు జనవరి చివరి నుంచి మార్చి దాకా అనువైన కాలం. వరదలు తగ్గి నీరు తేటపడుతుంది, కొత్త ఇసుక మేటలు చెదరకుండా ఉంటాయి, పారే పాయ ఇంకా బతికి ఉంటుంది. కాలువలను రెండుసార్లు చూడాలి. నీరు వదిలిన రోజుల్లో ఒకసారి, కాలువ కట్టేసిన తరువాత అడుగు బయటపడినప్పుడు మరోసారి చూడకపోతే లైనింగు, అంటే అడుగుకు, వాలుకు వేసిన కాంక్రీటు పూత, ఏ స్థితిలో ఉందో తెలియదు, పూడిక ఎంతో తెలియదు.

సామాను పెద్దగా అక్కరలేదు. 30 మీటర్ల టేపు, రెండు మీటర్ల వెదురు కర్ర మీద పది సెంటీమీటర్లకు ఒక గీత, జీపీఎస్ ఉన్న ఫోను, చిన్న పార, రెండు బత్తాయిలు, పెన్సిలు, ముందే గడులు గీసుకున్న కాగితాలు చాలు. పెన్ను వద్దు, చెమటకు, తడికి సిరా చెదిరిపోతుంది.

భద్రత విషయంలో మాత్రం పొదుపు పనికిరాదు. ఇసుక తవ్విన గుంతలు నీళ్ళు నిండాక పైకి మోకాటి లోతుగా కనిపించి లోపల నిలువెత్తు ఉంటాయి. కర్రతో తడమకుండా ఒక్క అడుగు కూడా ముందుకు వేయకూడదు, ఒంటరిగా ఏట్లోకి దిగకూడదు. పైన జలాశయం ఉన్న ఏట్లోకి దిగేముందు నీరు వదులుతున్నారేమో నీటిపారుదల సిబ్బందిని అడగాలి. లైనింగు చేసిన కాలువ వాలు మీద పాకుడు ఉంటే ఈత వచ్చినవాడు కూడా పైకి ఎక్కలేడు. వెళ్ళిన ఊళ్ళో పంచాయతీ వారికో, కాలువ చూసుకునే లస్కరుకో ఒక మాట చెప్పి దిగితే అనుమానాలు తలెత్తవు, పైగా ఏటి చరిత్ర సగం అక్కడే వినిపిస్తుంది.

నాలుగో దశ: చోటు చోటునా ఆగి చూడడం

ప్రతి చోటా ముందుగా నీరు పోయే దిశకు ముఖం పెట్టి నిలబడాలి. అప్పుడు ఎడమ చేతి వైపుది ఎడమ ఒడ్డు, కుడి చేతి వైపుది కుడి ఒడ్డు. ఇంత చిన్న విషయంలో తప్పు జరిగితే పది చోట్ల రాసుకున్నదంతా తారుమారవుతుంది. పైకి, కిందికి, రెండు ఒడ్డులకు ఒక్కొక్కటి చొప్పున నాలుగు ఫొటోలు తీసుకోవాలి. ఆ తరువాతే రాయడం మొదలుపెట్టాలి.

*ఏటి గర్భం.* అడుగు దేనితో ఉన్నదో రాయాలి. పరిమాణాన్ని బట్టి 256 మిల్లీమీటర్లు మించినవి గుండ్లు, 64 నుంచి 256 దాకా పెద్ద రాళ్ళు, 2 నుంచి 64 దాకా గులక, అంతకంటే సన్ననిది ఇసుక. ఇంకా సన్ననివాటిని చేత్తోనే తేల్చవచ్చు. తడిపి వేళ్ళ మధ్య నలిపితే గరుకు తగిలేది ఇసుక, పిండిలా జారేది ఒండ్రు, వత్తిలా సాగేది బంకమన్ను. గుండ్లకమ్మ నల్లమలలో గుండ్లు, రాళ్ళ మధ్య పుట్టి మైదానానికి వచ్చేసరికి ఇసుక ఏరవుతుంది కనుక, ఎగువన గుండ్లు, దిగువన ఇసుక ఉండడం సహజం. మైదానంలో ఇసుక ఉండవలసిన చోట గట్టి బంకమన్ను గానీ, చట్టు (అడుగు రాతి పొర) గానీ బయటపడి ఉంటే పైనున్న ఇసుక పోయిందని అర్థం.

అది ఎలా పోయిందన్నది తరువాతి ప్రశ్న. యంత్రాలతో తవ్విన చోట గుంత అంచులు నిటారుగా ఉంటాయి, ఒడ్డు నుంచి లోపలికి లారీలు దిగిన బాట ఉంటుంది, పక్కన పనికిరాని మట్టి కుప్పలుగా మిగులుతుంది. ఎగువన ఆనకట్ట ఇసుకను ఆపేసినందువల్ల జరిగిన కోత ఇలా ఉండదు. జలాశయంలో ఇసుకను వదిలేసి తేటగా దిగిన నీటికి ఇసుకను మోసే సత్తువ మిగిలి ఉంటుంది కనుక అది దిగువన ఏటి అడుగునే కొద్దికొద్దిగా గీకి తీసుకుపోతుంది. ఆ కోత మైళ్ళ దూరం సమంగా పరుచుకుంటుంది, గుంతలు కనిపించవు.

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. మొదటి సంవత్సరం ఒక చోట ఏటి మధ్య రెల్లు దట్టంగా పెరిగిన దిబ్బను చూసి సహజమైన లంక అని రాసుకుని, వైవిధ్యం గడిలో మంచి గుర్తు వేశాను. పక్కనే గేదెలు మేపుతున్న ముసలాయన నా కాగితం వైపు చూసి, అది మూడేళ్ళ కిందట తవ్వకం వాళ్ళు పోసి వదిలేసిన మట్టి అని చెప్పాడు. పార తీసుకుని అంచున మూరెడు తవ్వి చూశాను. ఏరు పేర్చిన దిబ్బ అయితే సన్న ఇసుక, ముతక ఇసుక, ఒండ్రు పొరలు పొరలుగా ఉండాలి. అక్కడ మట్టి, రాయి, ఇసుక, ఒక సంచి ముక్క అన్నీ కలగాపులగంగా ఉన్నాయి. అప్పటి నుంచి ఏ దిబ్బనైనా తవ్వి చూడకుండా సహజమని రాయడం మానేశాను.

*వంతెన స్తంభాలు.* ఏటి అడుగు ఎంత దిగిందో చెప్పడానికి వంతెనకు మించిన సాక్షి లేదు. కట్టిన నాడు ఇసుకలో కప్పబడి ఉన్న బావి పునాదులు ఇప్పుడు బయటికి కనిపిస్తుంటే, కాంక్రీటు రంగు మారిన గీత నుంచి ఇప్పటి ఇసుక మట్టం దాకా కొలవాలి. ఆ కాలంలో అడుగు దిగిన లోతు సుమారుగా అంతే. వంతెనలు, ఆనకట్టలు వంటి కట్టడాలకు 500 మీటర్ల లోపల ఇసుక తవ్వకూడదని వాల్టా (రాష్ట్ర నీరు, భూమి, చెట్ల చట్టం) నిబంధనలు చెబుతున్నాయి కనుక, ఈ దూరాన్ని కూడా పటం మీద గుర్తించుకోవడం మంచిది.

*ఒడ్డులు.* ఎత్తు, వాలు, మట్టి రకం, చేసిన కట్టుబడి రాయాలి. ఒడ్డు కోసుకుపోవడం కనిపించగానే దాన్ని నష్టంగా లెక్కవేసే అలవాటు మనకు ఉంది. మలుపు బయటి వైపు కోత, లోపలి వైపు మేట వేయడం ఏటికి ఊపిరి తీయడం లాంటిది. నిటారుగా కోసిన మట్టి ఒడ్డులో లకుముకి పిట్టలు బొరియలు చేసుకుంటాయి కూడా. రెండు ఒడ్డులూ ఒకే చోట ఏకకాలంలో కూలుతుంటే మాత్రం అడుగు దిగిపోతున్నదని అనుమానించాలి. రాతి రివిట్‌మెంటు, కాంక్రీటు గోడ, ఇసుక సంచుల కట్ట, చెత్త పోసి పూడ్చిన ఒడ్డు, వీటిలో ఏది ఎన్ని మీటర్ల పొడవు ఉన్నదో టేపుతో కొలిచి రాయాలి. చాలాచోట్ల ఉందని రాస్తే మరుసటి సంవత్సరం పోల్చడానికి ఏమీ ఉండదు.

*చెట్టూ చేమా.* పచ్చదనం చూసి మోసపోవడం ఇక్కడే ఎక్కువ. ఒడ్డున కానుగ, ఏరుమద్ది, వావిలి, మొగలి, తడి నేలలో తుంగ, ఇసుకలో రెల్లు ఉంటే అవి ఏటి చుట్టాలు. చిల్లచెట్లు అని మన వాళ్ళు పిలిచే సర్కారు తుమ్మ అమెరికా ఖండాల నుంచి వచ్చింది. అది ఒడ్డు మీద ఉంటే ఒక సమస్య, ఏటి గర్భంలోకి దిగితే మరో సమస్య. పెద్ద వరద ప్రతి ఏటా రెండేటా వచ్చి ఇసుకను తిరగేసే ఏట్లో ఏ చెట్టూ ముదరదు. గర్భంలోని తిన్నెల మీద మనిషెత్తు మించిన చిల్లచెట్లు ఉన్నాయంటే ఆ తిన్నెలను కదిలించే వరద కొన్నేళ్ళుగా రాలేదని, అంటే పైన జలాశయం వరదలను మింగుతున్నదని గానీ, అడుగు దిగి తిన్నె ఎత్తున మిగిలిపోయిందని గానీ అర్థం. ఒక్కసారి వేళ్ళు పట్టాక ఆ చెట్లే ఇసుకను కట్టిపడేస్తాయి, పాయ కదలడం మానేస్తుంది. గుర్రపుడెక్క, తూటికాడ, జమ్ము దట్టంగా ఉంటే నీరు కదలడం లేదని, ఒండ్రు పేరుకుంటున్నదని రాసుకోవచ్చు.

*ప్రవాహం.* పది చోట్లా ఒకే వేగంతో నీరు పారుతుంటే అది కాలువ లక్షణం. ఏట్లో మడుగు దగ్గర నిలిచినట్టు, రాళ్ళ మీద గలగలమని, ఇసుక మీద పలచగా జారుతూ, ఇలా రకరకాలుగా ఉండాలి. వేగం కొలవడానికి 20 మీటర్ల దూరం గుర్తుపెట్టి, నీటిలో ఏదైనా వదిలి, అది ఆ దూరం దాటడానికి పట్టిన సమయం చూడాలి. మొదటిసారి మన ప్రాంతపు మర్యాద నిలబెడదామని గూడూరు నిమ్మకాయలు తీసుకువెళ్ళాను. మూడింటిలో రెండు మునిగిపోయాయి. బత్తాయి చక్కగా తేలుతుంది, ఎక్కువ భాగం నీటిలోనే ఉంటుంది కనుక గాలికి కొట్టుకుపోదు. 20 మీటర్లకు 50 సెకన్లు పడితే పైపొర వేగం సెకనుకు 0.4 మీటర్లు. అడుగున నీరు నెమ్మదిగా కదులుతుంది కాబట్టి దాన్ని 0.85తో హెచ్చిస్తే సగటు వేగం 0.34 అవుతుంది. పాయ వెడల్పు 6 మీటర్లు, సగటు లోతు 0.8 మీటర్లయితే సెకనుకు సుమారు 1.63 ఘనపు మీటర్లు, అంటే దాదాపు 58 క్యూసెక్కులు. ఊళ్ళో ఎవరికైనా క్యూసెక్కుల్లో చెబితేనే అర్థమవుతుంది.

ఐదో దశ: మూడు దిక్కుల సంబంధాలు

ఏరు నిలువునా, అడ్డంగా, లోతుకూ తన చుట్టూ ఉన్నవాటితో కలిసి ఉంటుంది. నిలువు సంబంధమంటే ఎగువ, దిగువల మధ్య అడ్డులేమిటని చూడడం. ఆనకట్టలు, చెక్ డ్యాములు, తూములు పూడిన చప్టాలు అన్నీ లెక్కించి, ఒక్కొక్కదాని కింద నీరు ఎంత ఎత్తు నుంచి పడుతున్నదో రాయాలి. కట్టడం పాడైనంత మాత్రాన ఏరు బాగుపడిందని అనుకోకూడదు. మల్లవరం దగ్గర గుండ్లకమ్మ జలాశయానికి 2022లో ఒక గేటు, 2023 డిసెంబరులో మరొకటి కొట్టుకుపోయాయి. ఆ రోజుల్లో దిగువన పారిన నీరు సహజ ప్రవాహం కాదు, కట్టడం చేసిన ప్రమాదం. సముద్రం దగ్గర ఏటి మొగ ఇసుక మేటతో కొన్ని నెలలు మూసుకోవడం చిన్న ఏర్లకు సహజమే, దాన్ని అడ్డుగా లెక్కించకూడదు.

అడ్డ సంబంధం అంటే వరద ఒడ్డు దాటి పక్క నేల మీదికి వెళ్ళగలదా అన్నది. పొర్లుకట్ట ఏటి ఒడ్డుకు ఎంత దూరంలో ఉన్నదో కొలవాలి. దూరంగా ఉంటే ఏటికి కాళ్ళు చాపుకునే చోటు ఉన్నట్టు, ఒడ్డునే ఉంటే లేనట్టు. 2021 నవంబరు వరద ఈ విషయంలో మన ప్రాంతానికి గొప్ప కొలబద్ద. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయిన ఆ వరదలో నీరు ఎక్కడిదాకా వచ్చిందో ఒడ్డు ఊళ్ళలో ఎవరినడిగినా గోడ మీద గీత చూపిస్తారు. ఆ గీతలను పటం మీద ఎక్కిస్తే ఏరు తనదనుకునే నేల ఎంతో తెలుస్తుంది. పొర్లుకట్టలు మనుషుల ప్రాణాలకు అవసరమైనవే. వాటిని మార్పుగా రాయడమంటే తప్పుబట్టడం కాదు.

లోతు సంబంధం చూడడానికి మన పెద్దలు వాడిన సాధనమే చాలు, అదే చెలమ. పాయకు దూరంగా ఎండిన ఇసుకలో గుంత తవ్వుతూ పోవాలి. పై జానెడు పొడిగా జారుతుంది, దాని కింద ఇసుక ముదురు రంగుకు తిరిగి ముద్దగా నిలుస్తుంది, ఇంకా కిందికి పోతే గుంత అడుగున నాలుగు వైపుల నుంచీ నీరు చెమర్చి చేరుతుంది. ఊరిన నీటి మట్టం ఇసుక పైభాగానికి ఎంత కింద ఉందో, పది నిమిషాల్లో ఎంత ఎత్తు చేరిందో రాసుకోవాలి. మార్చిలో రెండు మూడు అడుగుల్లోనే ఊట తగిలితే పైకి ఎండినట్టు కనిపించే ఏరు కింద నడుస్తూనే ఉంది. పార చట్టుకు తగిలినా నీరు రాకపోతే, నీటిని పట్టి ఉంచే ఇసుక మందమే అక్కడ లేదు. పరిశీలన మొత్తంలో నేను ఎక్కువగా నమ్మేది ఈ ఒక్క గుంతనే. పని అయ్యాక దాన్ని పూడ్చి రావాలి.

ఆరో దశ: గుర్తులు వేయడం

ఇక్కడ చెబుతున్న అంకెలు నా వాడుకలో కుదురుకున్నవి. మీ ఏటికి తగినట్టు మార్చుకోవచ్చు, కానీ ఒకసారి మొదలుపెట్టాక మధ్యలో మార్చకూడదు. ప్రతి చోటా ఐదు అంశాలు తీసుకోవాలి: గర్భం, ఎడమ ఒడ్డు, కుడి ఒడ్డు, ఒడ్డు మీది నేల, ప్రవాహం. మనిషి చేసిన మార్పు లేకపోతే 0, కొద్దిగా ఉంటే 1, స్పష్టంగా ఉంటే 2, అసలు రూపమే పోతే 3. పది చోట్లకు గరిష్ఠం 150. మొత్తం 57 వచ్చిందనుకుంటే 38 శాతం మార్పు. పది శాతం లోపు దాదాపు సహజం, 25 దాకా కొద్ది మార్పు, 50 దాకా ఓ మోస్తరు మార్పు, 75 దాకా ఎక్కువ మార్పు, ఆపైన పూర్తిగా మారినది. చేప ఎక్కలేని అడ్డుకట్ట తునకలో ఒక్కటి ఉన్నా ఎక్కువ మార్పు వైపు ఒక తరగతి జరపాలి.

వైవిధ్యం లెక్క దీనితో కలపకుండా పక్కన విడిగా ఉండాలి. మడుగు, తిన్నె, పక్క పాయ, నిటారు ఒడ్డు, వేళ్ళు నీటిలోకి దిగిన చెట్టు, పడిన దుంగ, రెల్లు దుబ్బు, తడి నేల వంటివాటిని ముందే ఒక జాబితాగా రాసుకుని, తునకలో కనిపించినవి ఎన్నో లెక్కపెడితే చాలు. సగటులో పెద్ద ప్రమాదం ఒకటుంది. తొమ్మిది చోట్ల చక్కగా ఉండి పదో చోట ఇరవై అడుగుల గుంత ఉన్నా తునక మొత్తానికి మంచి తరగతే వస్తుంది. అందుకే తరగతి పక్కన అన్నిటికంటే హీనంగా ఉన్న చోటు గుర్తును కూడా తప్పక రాయాలి.

కాలువలకు వేరే తూకం

కాలువను మనిషే తవ్వాడు కాబట్టి అది సహజంగా లేదని మార్కులు తగ్గించడంలో అర్థం లేదు. 2000లో వచ్చిన ఐరోపా నీటి నిర్దేశం కూడా కృత్రిమ జలమార్గాలను నదులతో పోల్చకుండా, వాటి పనికి భంగం రాకుండా ఎంత మేలైన స్థితికి చేరగలవో దానితోనే పోల్చమంటుంది. అందుచేత ముందుగా కాలువ ఏ పనికి ఉన్నదో రాసుకోవాలి. కనిగిరి జలాశయం నుంచి పోయే కాలువలు వరికి నీరిస్తాయి. పేరు చూసి కనిగిరి పట్టణం దగ్గరిదనుకునేవారు ఉంటారు గానీ ఈ జలాశయం నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాళెం దగ్గరిది. నెల్లూరు నగరం గుండా సాగే సర్వేపల్లి, జాఫర్ సాహెబ్ కాలువలు కూడా పంట కాలువలే అయినా నగరం వాటి మీద తన భారం మోపింది. సాగర్ కుడి కాలువ కింది ఒంగోలు బ్రాంచి కాలువకు దూరాభారమే సమస్య, చివరి భూములకు నీరందాలి.

కాలువలో మూడు విషయాలు చూస్తే సరిపోతుంది. కట్టినప్పటి కొలతలతో పోలిస్తే అడుగు వెడల్పు, లోతు ఎంత మిగిలాయన్నది మొదటిది. ఇందుకు నీటిపారుదల శాఖ వారి దగ్గర ఉండే అడ్డుకోత పటం అడగాలి. గట్ల బలం రెండోది. గట్టు బయటి వైపు ఊట చెమ్మ, ఎండ్రకాయ బొరియలు, గండి పడి పూడ్చిన ఆనవాళ్ళు వెతకాలి. గట్ల మీద చెట్లు, మట్టి వాలు, పశువులు దిగే రేవులు మిగిలాయా, లేక రెండు పక్కలా నిలువు గోడలు లేచాయా అన్నది మూడోది. గోడ కాలువలో పడిన కుక్కపిల్ల కూడా పైకి రాలేదు. ఈ సంగతి రాయడానికి ఏ ప్రమాణమూ అక్కరలేదు.

బకింగ్‌హామ్ కాలువ ఈ రెండు రకాలకూ చెందదు. 1806లో మద్రాసు దగ్గర మొదలై, 1877-78 కరువు పనులతో పెరిగి, 1878లో ఇప్పటి పేరు పొందిన ఈ పడవల కాలువలో ఇప్పుడు పడవలు నడవవు. నెల్లూరు తీరంలో సముద్రపు పోటూపాటూ దానిలోకి వస్తాయి, కొన్నిచోట్ల గట్ల వెంట మడ చెట్లు పెరిగాయి. పడవల పని పోయింది కనుక దాన్ని కాలువ తూకంతో తూచలేం, మనిషి తవ్వినది కనుక ఏటి తూకానికీ రాదు. నేనైతే దానికి మార్పు లెక్క వదిలేసి వైవిధ్యం లెక్క ఒక్కటే కడతాను. పోటు నీరు ఎంతదూరం వస్తున్నదో, పూడికతో ఎక్కడ ఆగిపోతున్నదో పటం మీద గుర్తిస్తాను.

మళ్ళీ వెళ్ళడం

ఒకే తునకను ఇద్దరు విడివిడిగా నడిచి గుర్తులు వేసి, ఆ తరువాత కాగితాలు పక్కపక్కన పెట్టుకోవాలి. ఏ అంశంలోనైనా ఇద్దరి గుర్తుల మధ్య రెండు అంకెల తేడా ఉంటే ఆ చోటికి కలిసి తిరిగి వెళ్ళాలి. చాలాసార్లు ఒకరు ఎడమ, కుడి ఒడ్డులను తారుమారు చేసి ఉంటారు. పది చోట్ల జీపీఎస్ అంకెలు, ఫొటోలు, చెలమ లోతులు ఒకే పుస్తకంలో ఉంచి, పెద్ద వరద వచ్చి తగ్గిన రెండు నెలలకు అవే చోట్ల అదే దిక్కుకు నిలబడి మళ్ళీ ఫొటోలు తీయాలి. ఇసుక ఏట్లో పాతిన గుర్తు కర్రలు వరదకు మిగలవు కాబట్టి, గుర్తులను ఒడ్డు మీది తాటిచెట్టుకో, వంతెన గోడకో పెట్టుకుని అక్కడి నుంచి దూరం, దిక్కు రాసి ఉంచాలి.